బాబాయ్ డీటీపీ సెంటర్‌లో హార్డ్ డిస్క్: నాలుగు రోజుల అనుభవం

జనవరి ఆఖరి వారంలో ఒక రాత్రి పదిన్నరకు తెనాలి నుంచి బాబాయ్ ఫోన్ చేశాడు. తొమ్మిదింటికల్లా పడుకునే మనిషి ఆ వేళప్పుడు ఫోన్ చేశాడంటేనే నాకు గుండె దడ మొదలైంది. ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు. బాగాలేనిది ఆయన కంప్యూటర్.

“అమ్మాయ్, పొద్దున సిస్టమ్ ఆన్ చేసి టిఫిన్ తిని వచ్చినా ఇంకా విండోస్ బొమ్మ దగ్గరే ఉంది. పేజ్‌మేకర్ తెరిస్తే బిగుసుకుపోతోంది. మన వీధి చివర కుర్రాడొచ్చి డిస్క్ చెక్ పెట్టాడు. గంటైనా పన్నెండు శాతం దాటలేదు. ఫార్మాట్ చేసేద్దాం అంటున్నాడు. చెయ్యమంటావా?”

“వద్దు బాబాయ్. ముందు ఫోన్ తీసుకెళ్లి క్యాబినెట్ పక్కన పెట్టు.”

పెట్టాడు. ఫ్యాన్ రొద వినిపించింది, దాని వెనక డిస్క్ తిరుగుతున్న సన్నటి హోరు. నేను వెతికింది టక్, టక్ అని ఒకే లయలో వచ్చే చప్పుడు కోసం. అది వస్తుంటే లోపల తిరిగే పళ్లెం మీది డేటాను చదివే హెడ్ దెబ్బతిన్నట్టే. ఆ స్థితిలో డిస్క్‌ను ఆన్ చేసిన ప్రతిసారీ పళ్లెం మీద గీతలు పడొచ్చు. ఇక ఇంట్లో మనం చెయ్యగలిగిందేమీ ఉండదు, డేటా రికవరీ ల్యాబ్‌కి పంపాల్సిందే. ఆ చప్పుడు లేదు. “షట్‌డౌన్ చేసెయ్. నేను వచ్చేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వకు” అన్నాను.

ఫార్మాట్ ఎందుకు వద్దన్నానో డీటీపీ పని తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. బాబాయ్ మెషీన్ 2012లో అసెంబుల్ చేయించింది. విండోస్ 7, దాని మీద 2001లో వచ్చిన, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగుకు అనూ ఫాంట్లు. అవి ఏ మెషీన్‌లోనైనా తెలుగు కనిపించే యూనికోడ్ పద్ధతి ఫాంట్లు కావు. ఆ ఫాంట్లు లేని మెషీన్‌లో ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు ఏవో గుర్తులూ గీతలూ కనిపిస్తాయి. పాత ప్రింటర్ డ్రైవరు, రంగుల సెట్టింగులు, పెళ్లి కార్డుల అంచులు, వినాయకుడి బొమ్మలు, కలశాలు, మామిడి తోరణాలు అన్నీ ఆయన ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా కూర్చుకున్నవి. కొత్తగా విండోస్ వేసి ఇవన్నీ మళ్లీ పేర్చాలంటే నెల పడుతుంది. పెళ్లి ముహూర్తాలు నెత్తిమీదున్నాయి. చేతిలో పద్నాలుగు పెళ్లి కార్డుల ఆర్డర్లు. బ్యాకప్ ఉందా అని అడిగితే, ఎప్పుడో 2016లో రాసిన రెండు డీవీడీలున్నాయన్నాడు.

అందుకే డిస్క్‌ను ఉన్నది ఉన్నట్టుగా కొత్తదాని మీదికి దించాలని, అంటే క్లోన్ చెయ్యాలని అనుకున్నాను. మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి తిరిగే భాగాలు లేని కొత్త రకం డిస్క్, 480 జీబీ ఎస్ఎస్‌డీ ఒకటి, మదర్‌బోర్డుకు తగిలించే సాటా డిస్క్‌ను యూఎస్‌బీకి కలిపే అడాప్టర్ ఒకటి కొని రాత్రి రైలెక్కాను. ఈ రెండూ నన్ను ఇబ్బంది పెట్టాయి.

పొద్దున కొట్టు తెరవగానే పెన్‌డ్రైవ్‌లోంచి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో నడిపాను. డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే పద్దును స్మార్ట్ అంటారు. ఆ పద్దును చూపించే చిన్న ప్రోగ్రాం అది. పైన పసుపు రంగులో ‘జాగ్రత్త’ అన్న అర్థం వచ్చే మాట కనిపించింది. నేను చూసింది ఆ రంగును కాదు, కింద ఉన్న నాలుగు వరుసలను. డిస్క్ మీద డేటా రాసుకునే చిన్న చిన్న గళ్లను సెక్టర్లు అంటారు. 05 అనే వరుస పాడైపోయి ఇప్పటికే వేరే చోటికి మార్చిన సెక్టర్ల లెక్క. సీ5 అనేది చదవడం కుదరక, ఏం చెయ్యాలో తేలక ఆపి ఉంచిన సెక్టర్ల లెక్క. సీ6 డిస్క్ తనంతట తాను చేసుకున్న పరీక్షలో దిద్దలేకపోయినవి. సీ7 మాత్రం డిస్క్‌ది కాదు, కేబుల్ మీద డేటా వచ్చేటప్పుడు దొర్లిన తప్పుల లెక్క. సీ7 సున్నా ఉంది, కాబట్టి కేబుల్‌ను అనుమానించక్కర్లేదు. సీ5 దగ్గర 1బీ8 అని ఉంది. ఈ ప్రోగ్రాం మామూలుగా పదహారు ఆధారంగా ఉండే అంకెల్లో చూపిస్తుంది. దాన్ని మన లెక్కలోకి మారిస్తే 440. అంటే 440 చోట్ల డిస్క్ తన రాతను తానే చదువుకోలేకపోతోంది.

అలాంటి ఒక్క సెక్టరు చాలు, కంప్యూటర్ మొత్తం బిగుసుకుపోవడానికి. మామూలు డెస్క్‌టాప్ డిస్క్ చదవలేని చోటు తగిలితే వెంటనే చేతులెత్తెయ్యదు. హెడ్‌ను మళ్లీ మళ్లీ అక్కడికే తీసుకెళ్లి సెకన్ల తరబడి ప్రయత్నిస్తుంది. అంతసేపూ విండోస్ జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. బాబాయ్ టిఫిన్ తిని వచ్చేంత ఆలస్యం అక్కడిదే.

ఇంతా తెలిసి కూడా నేను తప్పు దారిలోనే మొదలుపెట్టాను. తొందర అలాంటిది. అడాప్టర్‌తో ఎస్ఎస్‌డీని యూఎస్‌బీకి తగిలించి, అదే విండోస్‌లో ఒక ఉచిత క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ వేసి మొదలుపెట్టాను. పదకొండు శాతం దగ్గర ఆగింది. కాసేపటికి సోర్స్ డిస్క్ చదవడంలో లోపం అని చెప్పి ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ పదకొండే. మూడోసారి, పాడైన సెక్టర్లను పట్టించుకోవద్దు అనే గడిలో టిక్ పెట్టి వదిలాను. ఈసారి ఆగలేదు, కానీ వేగం కిలోబైట్లకు పడిపోయింది. మధ్యాహ్నం మూడింటికి యూఎస్‌బీ ఊడినప్పుడు వచ్చే శబ్దం వినిపించింది. ఎస్ఎస్‌డీ తెర మీద నుంచి మాయమైంది. అడాప్టర్‌ను తాకితే వేడిగా ఉంది.

అప్పుడు స్మార్ట్ మళ్లీ చూశాను. సీ5 ఇప్పుడు 616. పొద్దున 440. నేను ఆ పూట చేసిన మూడు ప్రయత్నాల్లో ఇంకో 176 సెక్టర్లు బయటపడ్డాయి. వెంటనే మెషీన్ ఆపేశాను. బాబాయ్ ఏమీ అనలేదు. టీ తెప్పించి నా ముందు పెట్టి, పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

ఆ టీ తాగుతూ కాగితం మీద నాలుగు పేర్లు రాశాను. చదవాల్సిన డిస్క్, రాయాల్సిన డిస్క్, మధ్యలో దారి, చివర బూట్ అవ్వాల్సిన, అంటే ఆన్ అయి విండోస్ తెరవాల్సిన మెషీన్. క్లోనింగ్ ఫెయిల్ అయిందని తెర మీద ఒకే మాట వస్తుంది గానీ, ఫెయిలైంది ఈ నాలుగింట్లో ఏదైనా కావచ్చు. నాకు అప్పటికి రెండు తేలాయి. డిస్క్‌లో పాడైన చోట్లున్నాయి, అడాప్టర్ ఒత్తిడికి నిలబడటం లేదు. మూడోది అప్పుడే లెక్క వేస్తే బయటపడింది. 500 జీబీ హార్డ్ డిస్క్‌లో 500,107,862,016 బైట్లుంటాయి. 480 జీబీ ఎస్ఎస్‌డీలో 480,103,981,056. రమారమి 20 జీబీ తక్కువ. డిస్క్ బాగుంటే పార్టిషన్‌ను, అంటే డేటా ఉన్న భాగాన్ని, కుదించి సరిపెట్టొచ్చు. కానీ కుదించడమంటే ఆ చచ్చిపోతున్న డిస్క్ మీదే డేటాను అటూ ఇటూ జరిపి రాయడం. దాని మీద ఇక ఒక్క అక్షరం కూడా రాయకూడదు. సీటీసీలో ఇరవై జీబీ తేడా ఏముందిలే అనుకున్నాను. పెద్ద తేడానే.

ఇంకో తప్పు కూడా ఆ కాగితం మీదే కనిపించింది. జబ్బుపడ్డ డిస్క్ నుంచే విండోస్ నడుపుతూ, అదే డిస్క్‌ను క్లోన్ చేస్తున్నాను. వెనకాల యాంటీవైరస్, అప్‌డేట్లు, మెమరీ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే పేజ్‌ఫైల్ అన్నీ దాని మీదే రాస్తూ చదువుతూ ఉంటాయి.

మర్నాడు తమ్ముడిని విజయవాడ పంపాను. 1 టీబీ పోర్టబుల్ డిస్క్, 500 జీబీ ఎస్ఎస్‌డీ, కొత్త సాటా కేబుల్ తెమ్మన్నాను. 500 అని రాసి ఉన్న ఎస్ఎస్‌డీలో చాలావాటికి హార్డ్ డిస్క్‌తో బైటు పొల్లుపోకుండా ఒకే కొలత ఉంటుంది. ఎందుకైనా మంచిదని మోడల్ నంబరు ఫోన్‌లో చెప్పించుకుని, కంపెనీ ఇచ్చిన వివరాల్లో సెక్టర్ల సంఖ్య చూసి 976,773,168 అని ఉందని తేల్చుకున్నాకే కొనమన్నాను. ఎస్ఎస్‌డీతోపాటు పోర్టబుల్ డిస్క్ కూడా ఎందుకని తమ్ముడు అడిగాడు. పాత డిస్క్ నుంచి తీసింది ముందు ఒక పెద్ద ఫైలుగా భద్రంగా ఉండాలి. తర్వాత ఎస్ఎస్‌డీ మీద ఎన్ని ప్రయోగాలు చేసినా, చెడితే ఆ ఫైలు నుంచి మళ్లీ రాసుకోవచ్చు. పాత డిస్క్‌ను మళ్లీ లేపనక్కర్లేదు.

వాడు వచ్చేలోపు మెషీన్ ప్లగ్ పీకి, దుమ్ము దులిపాను. పద్నాలుగేళ్ల దుమ్ము, వత్తులు వత్తులుగా వచ్చింది. డిస్క్‌ల మీద ఉన్న సీరియల్ నంబర్లలో చివరి నాలుగు అంకెలు చూసి, తెల్ల టేపు మీద ‘పాతది, చదవడానికి మాత్రమే’, ‘కొత్తది’ అని రాసి అంటించాను. ఈ పనిలో అన్నింటికన్నా ఘోరమైన ప్రమాదం సోర్స్, డెస్టినేషన్ తారుమారు కావడం. ఖాళీ డిస్క్‌ను పాత డిస్క్ మీదికి కాపీ చేస్తే ఇక ఏ దేవుడూ తిరిగి తేలేడు. అందుకే ఆ దశలో ఎస్ఎస్‌డీని అసలు తగిలించనే లేదు. పాత డిస్క్‌ను కొత్త కేబుల్‌తో నేరుగా మదర్‌బోర్డుకే కలిపాను. సీ7 సున్నా ఉన్నప్పుడు కేబుల్ మార్చక్కర్లేదు, కానీ పద్నాలుగేళ్ల కేబుల్ చివర క్లిప్పు విరిగి ఉంది.

ప్లగ్ పెట్టి ఆన్ చెయ్యగానే నల్లటి తెర మీద ఏదో చెక్‌సమ్ తప్పు, డీఫాల్ట్ సెట్టింగులు వేశాం, ఎఫ్1 నొక్కండి అని వచ్చింది. నొక్కి ముందుకెళ్లిపోయాను. మనసంతా డిస్క్ మీదే ఉంది.

విండోస్‌కు బదులు సిస్టమ్‌రెస్క్యూ అనే లైనక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేశాను. అది డిస్క్‌ను ముట్టుకోకుండా మెమరీలోనే నడుస్తుంది, పాడైన డిస్క్ నుంచి డేటా తీసే గ్నూ డీడీరెస్క్యూ అందులో ముందే ఉంటుంది. ఇదే పేరులో మధ్యన అండర్‌స్కోర్ ఉన్న వేరే ప్రోగ్రాం ఒకటుంది, అది ఇది కాదు.

డీడీరెస్క్యూ పని తీరు గురించి కొంచెం ఆగి చెప్పాలి. మామూలు క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ మొదటి సెక్టరు నుంచి వరసగా వెళ్తుంది. రాయి తగిలితే అక్కడే నిలబడి తవ్వుతుంది, లేకపోతే పని ఆపేస్తుంది. ఇది అలా కాదు. తగిలిన చోటును గుర్తు పెట్టుకుని, దాన్ని వదిలేసి కొంత దూరం దూకి, బాగున్న భాగాన్ని ముందు ఒడ్డున పడేస్తుంది. అంతా అయ్యాక వెనక్కొచ్చి, వదిలేసిన ముక్కల అంచులను రెండువైపుల నుంచీ కత్తిరించుకుంటూ వస్తుంది. ఆ తర్వాత మిగిలిన ముక్కలను ఒక్కో సెక్టరుగా గీకుతుంది. ఇక చివరిగా, మనం అడిగితే, ఒక్కోదాన్ని ఇన్నిసార్లు అని మళ్లీ ప్రయత్నిస్తుంది. డిస్క్ ఎప్పుడు పూర్తిగా ఆగిపోతుందో తెలియనప్పుడు, అది బతికి ఉండగా వీలైనంత ఎక్కువ తీసుకోవడానికి ఇదే సరైన వరస. ఇల్లు కాలుతుంటే ముందు మనుషులను, తర్వాత నగలను, ఆఖరున బీరువాను బయటికి తెచ్చినట్టు.

దీనికి ప్రాణం మ్యాప్ ఫైలు. ఏది వచ్చింది, ఏది వదిలేశాం, ఏది పాడైంది అన్న లెక్కంతా అందులో రాస్తూ పోతుంది. దాన్ని కచ్చితంగా పోర్టబుల్ డిస్క్ మీదే పెట్టాలి. లైనక్స్ మెమరీలో నడుస్తోంది కాబట్టి, అక్కడే ఉంచితే కరెంటు పోగానే లెక్క కూడా పోతుంది. పోర్టబుల్ డిస్క్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండకూడదన్నది ఇంకో సంగతి. అందులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. మాది ఎన్‌టీఎఫ్ఎస్, సరిపోయింది.

మొదటి విడతలో గీకుడు వద్దని చెప్పి, సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టాను. టేబుల్ ఫ్యాన్ తెచ్చి తెరిచిన క్యాబినెట్ వైపు తిప్పాను. ఇలాంటి డిస్క్ వేడెక్కితే తప్పులు పెరుగుతాయి. చల్లదనం కోసం ఫ్రిజ్‌లో పెట్టి తియ్యమని సలహా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. బయటికి తియ్యగానే లోపల తేమ పడుతుంది, తర్వాత దాన్ని ల్యాబ్‌లో కూడా ఏమీ చెయ్యలేకపోవచ్చు.

పాత మెషీన్‌లో యూఎస్‌బీ 2 పోర్టులే ఉన్నాయి కాబట్టి వేగం సెకనుకు 28, 30 ఎంబీ మధ్య నిలబడింది. పదకొండు శాతం దగ్గరికి రాగానే నాకు టెన్షన్ మొదలైంది. వేగం ఒక్కసారిగా పడిపోయింది, రెండు మూడు తప్పులు నమోదయ్యాయి, మళ్లీ ముప్పైకి లేచింది. వదిలేసి దూకింది. తొలిరోజు రెండుసార్లు నన్ను ఆపిన గోడ అదే. బాబాయ్‌కి చూపిస్తే, అంకెలు అర్థం కాకపోయినా, “కదులుతోందిగా” అన్నాడు.

తొమ్మిది దాటాక కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ పాతది, ఐదు నిమిషాలు కూడా నిలబడలేదు. తెర నల్లబడింది. వీధంతా చీకటి. నా చేతులు చల్లబడ్డాయి. అప్పటికి 240 జీబీ వచ్చింది. నలభై నిమిషాల తర్వాత కరెంటొచ్చింది. మళ్లీ అదే చెక్‌సమ్ మాట, మళ్లీ ఎఫ్1. లైనక్స్ తెరిచి, పోర్టబుల్ డిస్క్ తగిలించి, ఇంతకుముందు ఇచ్చిన కమాండే అక్షరం మార్చకుండా ఇచ్చాను. మ్యాప్ ఫైలు చదువుకుని, ఆగిన చోటు నుంచే అందుకుంది. ఈ ప్రోగ్రాం రాసినవాళ్లకు ఆ క్షణంలో మనస్ఫూర్తిగా దండం పెట్టుకున్నాను.

పిన్ని కొట్లోకే అన్నం క్యారేజీ పంపింది. ఆ రాత్రి నేనూ తమ్ముడూ వంతులవారీగా పడుకున్నాం. తెల్లవారుజామున మొదటి విడత పూర్తయింది. 500 జీబీలో రానిది 61 ఎంబీ. ఆ అంకె చూసి ఏడుపొచ్చినంత పనైంది. ఇక డిస్క్ ఆగిపోయినా పర్వాలేదు.

తర్వాత గీకుడు మొదలైంది. ఇది ఓపికతో పని. ఒక్కో సెక్టరు దగ్గర సెకన్లు సెకన్లు ఆగుతుంది. మధ్యాహ్నానికి 61 ఎంబీ రెండు ఎంబీ చిల్లరకు వచ్చింది. అప్పుడు లైనక్స్ తాత్కాలిక కాపీలను పక్కకు పెట్టి నేరుగా డిస్క్ నుంచే చదవమని చెప్పి, మూడుసార్లు ప్రయత్నించమన్నాను. ఒకసారి చివరి నుంచి మొదటికి, వెనక నుంచి కూడా చదివించాను. ముందు నుంచి రాని సెక్టర్లు కొన్ని వెనక నుంచి వచ్చాయి. రాత్రి ఎనిమిదింటికి ఇక ఏమీ కదలడం లేదు. మిగిలినవి 824 సెక్టర్లు, సెక్టరుకు 512 బైట్ల చొప్పున 421,888 బైట్లు. ఇంకో పది రౌండ్లు తిప్పొచ్చు. కానీ డిస్క్ శబ్దం మధ్యాహ్నంకన్నా గరగరగా మారింది. అక్కడితో ఆపి, దాన్ని విప్పి, కవర్లో పెట్టి బాబాయ్ చేతికిచ్చాను. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని క్యాష్ కౌంటర్ కింద అరలో పెట్టాడు.

ఆ రాత్రి పోర్టబుల్ డిస్క్‌లోని ఫైలును ఎస్ఎస్‌డీ మీదికి రాసే పని పెట్టి పడుకున్నాం. దాదాపు ఐదు గంటలు పట్టింది. ఎస్ఎస్‌డీ ఈసారి అడాప్టర్ మీద కాదు, మదర్‌బోర్డుకే.

రాని 824 సెక్టర్లు ఎవరివి? ఇది తెలుసుకోకుండా మెషీన్‌ను బాబాయ్‌కి అప్పగించడం నాకు ఇష్టం లేదు. డిస్క్ అంతా సెక్టర్లుగానే చదివాం కాబట్టి ఏ ఫైలులో దెబ్బ ఉందో పైకి కనిపించదు. ఫైలు ఉంటుంది, సైజు సరిగ్గానే ఉంటుంది, తెరిస్తే మధ్యలో సున్నాలుంటాయి. కస్టమర్ ఎదురుగా ఉన్నప్పుడు అది బయటపడకూడదు. డీడీరెస్క్యూలోనే దీనికి దారి ఉంది. మ్యాప్ ఫైలు చూసుకుని, పాడైన చోట్లన్నిటిలో మనం ఇచ్చిన మాటను నింపమని చెప్పొచ్చు. ఎక్కడా ఉండే అవకాశం లేని ఒక మాటను ఎంచుకుని ఎస్ఎస్‌డీ మీద నింపాను. తర్వాత ఎస్ఎస్‌డీని చదవడానికి మాత్రమే తెరిచి, ఆ మాట ఏయే ఫైళ్లలో ఉందో వెతికించాను. ఏడు పేర్లు వచ్చాయి. ఒకటి పేజ్‌ఫైల్, విండోస్ తనే మళ్లీ తయారుచేసుకుంటుంది. రెండు బ్రౌజర్ దాచుకున్న చెత్త. ఒకటి అనూ ఫాంటు. మూడు పేజ్‌మేకర్ ఫైళ్లు. మిగతా పాడైన చోట్లు ఏ ఫైలుకూ చెందని ఖాళీ జాగాలో ఉన్నాయి. చేతిలో ఉన్న పద్నాలుగు ఆర్డర్లలో ఒక్కటి కూడా ఈ జాబితాలో లేదు. ఆ పేజ్‌ఫైల్ తప్ప విండోస్‌కు చెందిన ఫైలేదీ లేదు.

సోమవారం పొద్దున, అగరొత్తి వెలిగించి బాబాయే పవర్ బటన్ నొక్కాడు. విండోస్ గుర్తు వచ్చింది. తర్వాత రెప్పపాటులో నీలం తెర, వెంటనే రీస్టార్ట్. మళ్లీ గుర్తు, మళ్లీ నీలం. కొట్టు ముందు ఇద్దరు కస్టమర్లు నిలబడి ఉన్నారు.

ఎఫ్8 నొక్కి, తప్పు వస్తే దానంతట అది రీస్టార్ట్ కావద్దనే ఎంపిక పెట్టాను. అప్పుడు నీలం తెర నిలబడింది. స్టాప్ కోడ్ చివర 7బీ. బూట్ డిస్క్ అందడం లేదని దానర్థం. నా మొదటి ఆలోచన, క్లోన్ చెడింది. విండోస్ 7 డీవీడీ పెట్టి స్టార్టప్ రిపేర్ నడిపాను. ఏమీ దొరకలేదు. బూట్ రికార్డు మళ్లీ రాయించాను. మళ్లీ 7బీ. గంటన్నర పోయింది. మొత్తం మళ్లీ రాయాలేమో, పాత డిస్క్‌ను మళ్లీ లేపాలేమో అని కవరు వైపు చూశాను.

అప్పుడు ఆ కాగితం గుర్తొచ్చింది. చదవాల్సిన డిస్క్ అయిపోయింది. రాయాల్సినది బాగుంది. దారి బాగుంది. పాడైన ఫైళ్ల జాబితాలో పేజ్‌ఫైల్ తప్ప విండోస్ ఫైలు లేదని నా కళ్లతో చూశాను. ఇక మిగిలింది మెషీన్. మెషీన్ నాకు రెండుసార్లు ఏదో చెప్పింది, నేను ఎఫ్1 నొక్కి దాటేశాను. ఈసారి బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లాను. తేదీ 2012 జనవరి 1 అని ఉంది. మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ అయిపోయింది. బయోస్ సెట్టింగులు గుర్తుంచుకునేది అదే. బాబాయ్ ఈ మెషీన్ ప్లగ్ ఎప్పుడూ పీకడు, పగలంతా యూపీఎస్ మీదే ఉంటుంది, అందుకని ఇన్నాళ్లూ బ్యాటరీ లేకపోయినా నడిచింది. నేను దుమ్ము దులపడానికి ప్లగ్ పీకిన క్షణంలో సెట్టింగులన్నీ చెరిగిపోయి మొదటికొచ్చాయి. వాటిలో సాటా మోడ్, అంటే మదర్‌బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, ఒకటి. అసెంబుల్ చేసినతను దాన్ని ఏహెచ్‌సీఐలో పెట్టి విండోస్ వేశాడు. ఇప్పుడది ఐడీఈకి మారింది. లైనక్స్‌కు రెండు రకాల డ్రైవర్లూ ఉంటాయి కాబట్టి దానికి తేడా పడలేదు. విండోస్ 7 మాత్రం వేసిన రోజు ఏ మోడ్ ఉందో ఆ డ్రైవరునే బూట్‌కు సిద్ధంగా ఉంచుకుంటుంది. మోడ్ మారితే తన డిస్క్‌ను తానే చూడలేదు. అందుకే 7బీ.

ఏహెచ్‌సీఐకి మార్చి, తేదీ దిద్ది, సేవ్ చేశాను. విండోస్ గుర్తు వచ్చింది. నీలం తెర రాలేదు. అర నిమిషంలో డెస్క్‌టాప్, దాని మీద వెంకటేశ్వరస్వామి బొమ్మ, ఐకాన్లు ఉన్నచోటే ఉన్నాయి. బాబాయ్ పేజ్‌మేకర్ మీద నొక్కాడు. వేలు తియ్యకముందే తెరుచుకుంది. ఆయన నా వైపు చూసి, మళ్లీ మూసి, మళ్లీ తెరిచాడు.

తమ్ముడు పక్క కొట్లో సీఆర్2032 బిళ్ల ఒకటి కొనుక్కొచ్చాడు. అది మార్చాక ప్లగ్ పీకి, పది నిమిషాలాగి పెట్టి చూశాను, తేదీ నిలిచింది. డిస్క్ చెక్ అప్పుడు నడిపాను, ఎస్ఎస్‌డీ మీద. అది నడపాల్సిన సమయం అదీ, కాపీ చేతికొచ్చాక. పాడైన ఫాంటును అసలు సీడీ నుంచి తిరిగి వేశాం. పాత డిస్క్‌ను ఎస్ఎస్‌డీతో కలిపి అదే మెషీన్‌కు తగిలించొద్దని తమ్ముడికి గట్టిగా చెప్పాను. రెండింటికీ డిస్క్ గుర్తు ఒకటే, విండోస్ ఒకదాన్ని పక్కన పెట్టేస్తుంది, ఏది ఏదో తెలియక గందరగోళమవుతుంది. విండోస్ 7కి 2020 జనవరి నుంచే భద్రతా అప్‌డేట్లు లేవు కాబట్టి నెట్ కేబుల్ కూడా తీసేశాను. వాట్సాప్‌లో వచ్చే ఫోటోలు ఇక తమ్ముడి ల్యాప్‌టాప్ నుంచి పెన్‌డ్రైవ్ మీద వెళ్తాయి. పోర్టబుల్ డిస్క్‌ను ఏ శనివారం ఎవరు తగిలించి కాపీ తియ్యాలో క్యాలెండర్ మీద రాయించాను.

మిగిలినవి మూడు పేజ్‌మేకర్ ఫైళ్లు. రెండు పాత కరపత్రాలు, బాబాయ్ పోనీలే అన్నాడు. మూడోది పేరు చదివి ఆగాడు. తాతయ్య పెద్దకర్మ కార్డు. ఈ మెషీన్ కొన్న ఏడాదే తాతయ్య పోయాడు, దీని మీద చేసిన మొదటి పనుల్లో అదొకటి. తెరవడానికి ప్రయత్నించాం, తెరుచుకోలేదు. ఆ ఫైలు సరిగ్గా మధ్యలో దెబ్బతింది. ఇంకో పది రౌండ్లు తిప్పి ఉంటే వచ్చేదేమో అని నాకు గొంతు పట్టేసింది. ఆ మాటే బాబాయ్‌తో అన్నాను.

ఆయన లేచి బీరువా తెరిచి, పాత కార్డుల కట్టలు కొన్ని పక్కకు పెట్టి, అడుగున ఉన్న పసుపు కవరు తీశాడు. అచ్చు కార్డు ఒకటి ఉంది. అంచులు వెలిసిపోయాయి గానీ అక్షరాలు బాగున్నాయి. దాన్ని మానిటర్‌కు ఆనించి నిలబెట్టి, కొత్త పేజీ తెరిచి, కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. బయట కస్టమర్ పిలిచాడు. “ఐదు నిమిషాలు కూర్చో అబ్బాయ్” అని, తాతయ్య ఇంటిపేరు నుంచి కొట్టడం మొదలుపెట్టాడు.